కార్డు మీద వేసిన నింద

డిసెంబర్ 2, సోమవారం

మళ్లీ అదే గొడవ. సాయంత్రం ప్రాక్టీసులో మొదటి ఆట బాగానే నడిచింది. రెండో ఆట సగానికి వచ్చేసరికి కంప్యూటర్ తెర తడబడటం మొదలుపెట్టింది. నేను గోడ చాటు నుంచి తొంగి చూసేలోపే అవతలివాడు కాల్చేసి వెళ్లిపోయాడు.

"ఏంటక్కా, నిద్రొస్తోందా అండీ?" అని హెడ్‌ఫోన్లో ధనుంజయ్ నవ్వు. కోదాడలో గేమింగ్ సెంటర్ నడుపుతాడు, మా అయిదుగురి టీముకు కెప్టెన్. అండీ అంటూనే పొడవడంలో అతన్ని మించినవాళ్లు లేరు.

నిద్రా లేదు, పాడూ లేదు. ఫ్రేములు పడిపోతున్నాయి, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. జనవరిలో సెలక్షన్ మ్యాచులు. టీములో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మగవాళ్ల మిషన్ తడబడితే మిషన్‌ని తిడతారు. నాది తడబడితే నన్ను తిడతారు.

ఆ చిరాకులో అన్నం దగ్గర కూర్చున్నాను. పెరుగు కంచంలో పారుతోంది. "అత్తమ్మా, గిది పెరుగా, సల్లనా? రేపటికెళ్లి ప్యాకెట్ పెరుగు తెప్పిద్దాం తియ్" అన్నాను.

"సలికి తోడుకుంటలేదు బిడ్డా. గరిడేపల్లిల మనింట్ల అయితే దాలి ఉండె, పిడకల సెగకు పాలు ఎచ్చగుండేవి. ఈ సూర్యాపేట కిరాయింట్ల ఏడ పెట్టాలె?" అంది అత్తమ్మ. పెరుగు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

డిసెంబర్ 4

స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ పాఠం చెప్పినట్టు నాకు నేనే చెప్పుకుంటున్నాను. రాసుకుంటే బుర్ర నిదానిస్తుంది.

తెర మీద బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. దాని అట్టపెట్టె మీద రాసిన బూస్టు వేగం, అంటే అది అందుకోగల పై వేగం, కచ్చితమైన లెక్క కాదు. చల్లగా ఉండి, కరెంటు చాలినంత అందితే కార్డు ఆ వేగాన్ని దాటి కూడా పరుగెత్తుతుంది. వేడెక్కేకొద్దీ మెట్టు మెట్టుగా దిగుతుంది. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ఒక్కసారిగా వెనక్కి తగ్గుతుంది. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫ్రేములు పడిపోయినప్పుడు ముందు చూడాల్సింది కార్డు నిండా పనిచేస్తోందా, ఊరికే కూర్చుందా అని. కూర్చుంటే తప్పు ప్రాసెసర్‌ది, అది పని అందించడం లేదన్నమాట. నా కార్డు నిండా పనిచేస్తూనే ఉంది. అయినా వేగం పడిపోతోంది. కాబట్టి ప్రాసెసర్‌కి క్లీన్ చిట్. అనుమానం కార్డు మీదా, కరెంటు మీదా.

డిసెంబర్ 5

ఇవాళ కూడా కార్డు వేగం పడిపోయింది. పెరుగు మాత్రం గడ్డలా తోడుకుంది. అత్తమ్మ ముఖం వెలిగిపోతోంది.

డిసెంబర్ 8, ఆదివారం

పొద్దున టెస్టు పెట్టాను. గంటసేపు నిండా పని పెట్టి లోడు వేసినా కార్డు చెక్కు చెదరలేదు. సాయంత్రం అదే ఆట, అవే సెట్టింగులు, కార్డు చతికిలపడింది. సాయంత్రం పూట మా వీధిలో వోల్టేజీ పడిపోతుంది. అదే అయి ఉంటుందని పక్కింటి నుంచి స్టెబిలైజర్ అడిగి తెచ్చి పెట్టాను. ఏమీ మారలేదు.

మా ఆయన శ్రీహరి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి సెలవు మీద వచ్చాడు. "ఆ అద్దాల డబ్బాను పరదా ఎనకాల దాస్తివి, దానికి గాలాడుతుందా?" అన్నాడు.

దాచింది ఎవరి కోసం? నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటే రంగు లైట్లు కళ్లలో పొడుస్తున్నాయన్నది తనే. అందుకే కదా నా టేబులు ఇటు, కార్డుండే క్యాబినెట్ డబ్బా పరదాకి అటు, వంటింటి గడప పక్కన ఇనుప పెట్టె మీద పెట్టింది. వైర్లు పరదా కింద నుంచి లాగాను. ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్ ఏరి కోరి కొనుక్కుని కళ్లకు కనబడకుండా పెట్టుకున్న మహాతల్లిని నేను. అయినా గాలికేం తక్కువ? వేడంతా డబ్బా పైకప్పుకున్న జాలీలోంచి పోతుంది. పొద్దున పోయింది కదా, సాయంత్రం పోదా?

డిసెంబర్ 10

కార్డే. కార్డు తప్ప ఇంకేమీ కాదు.

ఇది వినోద్ ఇచ్చిన కార్డు. మిర్యాలగూడలో షాపు పెట్టి ఏడాది కాలేదు. వాళ్ల తండా నుంచి కంప్యూటర్ షాపు పెట్టిన మొదటివాడు. ఒకప్పుడు మా టీములోనే ఆడేవాడు, నన్ను అక్కా అంటాడు. నా మిషన్ మొత్తం అతనే బిగించాడు. "వాడిన కార్డే అక్కా, గేములకే వాడిండ్రు" అన్నాడు. నమ్మాను. కంప్యూటర్‌తో డిజిటల్ కాయిన్లు తవ్వే మైనింగు కోసం రాత్రింబవళ్లు నడిపి, పిప్పి చేసి, తుడిచి అమ్మే కార్డులు బజారు నిండా ఉన్నాయి. అలాంటిదే నాకు అంటగట్టాడేమో.

ధనుంజయ్ తన సెంటర్‌లో మిషన్లన్నీ మార్చే పని వినోద్‌కే ఇద్దామనుకుంటున్నాడు. ఆ ఆర్డరు వస్తే షాపు నిలబడుతుందని వినోద్ దసరాకే చెప్పాడు. నాలుగు మాటలు విచారించుకుని ఇవ్వమని ధనుంజయ్‌కి చెప్పడం నా ధర్మం కాదా? ఇంకా చెప్పలేదు. ముందు వినోద్‌ని పిలిచాను.

డిసెంబర్ 15, ఆదివారం

మధ్యాహ్నం వినోద్ వచ్చాడు. లోడు వేసి చూశాడు. వాడి ఎదుట కార్డు బుద్ధిగా నడిచింది. ఒళ్లు మండింది.

పరదా తీసి క్యాబినెట్ చుట్టూ తిరిగాడు. పైన చెయ్యి పెట్టి తడిమాడు. "అక్కా, దీని మీద ఎవరన్న ఏమన్న పెడ్తరా?" అన్నాడు.

"నా డబ్బాను నేను తప్ప ఎవరు ముడుతరు?" అన్నాను. అత్తమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. వినోద్ అత్తమ్మ వంక చూసి, జేబురుమాలు తీసి క్యాబినెట్ పైన తుడిచాడు. దుమ్ము కాబోలు.

రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "కార్డు నేను తీస్కపోత అక్కా. వేరేది తెచ్చిన, గిది పెట్టుకో" అన్నాడు. ఒక్క మాట వాదించలేదు. డబ్బులూ అడగలేదు. తప్పు లేనివాడు అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా?

భోజనం చేసి పొమ్మంది అత్తమ్మ. వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. అత్తమ్మకు ఎవరు దొరికినా మాటలే.

డిసెంబర్ 17

కొత్త కార్డు అద్భుతం. రెండు రోజులుగా ఒక్క ఫ్రేము పడలేదు. ధనుంజయ్ కూడా "ఫామ్‌లోకొచ్చారండీ" అన్నాడు. ఇప్పుడేమంటాడు వినోద్? మొదటిది చచ్చిన కార్డేనని తేలిపోయింది.

పెరుగు మళ్లీ నీళ్లు.

డిసెంబర్ 19

ఇవాళ ఇదివరకటి కంటే ఘోరం. ఆట మొదలైన కాసేపటికే కార్డు కుప్పకూలింది, మళ్లీ లేవలేదు. రెండోది కూడా అలాంటిదే తెచ్చి పెట్టాడన్నమాట. ఒకసారి మోసపోతే పొరపాటు. రెండోసారి కూడా నన్నే మోసం చేస్తాడా?

డిసెంబర్ 20

గ్రూపులో రాశాను. మా టీము ఒక్కటే ఉన్న గ్రూపు కాదు, మూడు ఊళ్ల ఆటగాళ్లందరూ ఉన్నది. "మిర్యాలగూడ వినోద్ దగ్గర కార్డులు కొనేవాళ్లు జాగ్రత్త. మైనింగ్ కార్డులు అంటగడుతున్నాడు. నాకు రెండు ఇచ్చాడు. అడిగితే నోరెత్తకుండా మార్చాడు, అదే రుజువు."

ఉన్నదే రాశాను. ఇంకొకరు మోసపోకూడదని రాశాను. కోపంతో రాయలేదు.

డిసెంబర్ 22

వినోద్ గ్రూపులో ఏమీ అనలేదు. నాకు మాత్రం ఒక మెసేజి పెట్టాడు: "అక్కా, ఒకసారి ఆట మధ్యల లేచి పరదా ఎనక్కి పోయి డబ్బా సూడు." ఇంకా డబ్బా మీదకే నెడుతున్నాడు. జవాబు ఇవ్వలేదు.

ధనుంజయ్ ఫోన్ చేశాడు. "ఆర్డరు హైదరాబాద్ వాళ్లకిచ్చేశానక్కా. మీరు చెప్పబట్టి బతికిపోయానండీ" అన్నాడు. మంచిదే అన్నాను.

మంచిదే.

డిసెంబర్ 27

అత్తమ్మ గరిడేపల్లిలో యాదయ్య మామ మనవరాలి పుట్టువెంట్రుకలకు వెళ్లింది. ప్యాకెట్ పెరుగుతో కానిచ్చాను. మ్యాచు అదిరిపోయింది. ఇవాళ వోల్టేజీ బాగున్నట్టుంది.

డిసెంబర్ 29

అత్తమ్మ వచ్చింది. పెరుగు గడ్డ. కార్డు పాతపాటే.

ఒక్క సంగతి మింగుడుపడటం లేదు. చలికాలం సాయంత్రాలు ఇల్లంతా చల్లగా ఉంటుంది. పొద్దుటి కంటే కార్డు ఇంకా హుషారుగా ఉండాలి. నాది తిరగబడి నడుస్తోంది.

డిసెంబర్ 31

వేడి ఎప్పుడెంతుందో రాసిపెట్టే ప్రోగ్రాము ఒకటి ఉంది. నిన్నటి గీత తీసి చూశాను. ఆట మొదలవగానే వేడి కొంత పెరిగి, ఒక చోట నిలకడగా ఆగింది. అది మామూలే. చాలాసేపు అలాగే ఉండి, ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచింది. ఆటలో ఏ మార్పూ లేదు. కార్డు పాతదైతే మొదటి నుంచీ వేడెక్కాలి కానీ, మధ్యలో గుర్తొచ్చినట్టు వేడెక్కదు. బయట ఏదో జరుగుతోంది.

సాయంత్రం ప్రాక్టీసు మధ్యలో వేడి లేవడం చూసి హెడ్‌ఫోన్ తీసి పడేశాను. "అక్కా, ఎక్కడికండీ!" అని ధనుంజయ్ అరుస్తూనే ఉన్నాడు. వెళ్లి పరదా లాగాను.

క్యాబినెట్ మీద నాలుగు మడతల తువ్వాల. దాని మీద పెరుగు గిన్నె. ఇంకో తువ్వాల గిన్నె చుట్టూ. వేడి పోయే జాలీ మొత్తం మూసుకుపోయింది. పక్కనే పీట వేసుకుని, గిన్నె మీద చెయ్యేసి అత్తమ్మ కూర్చుని ఉంది.

"తీస్తున్న, తీస్తున్న" అని లేచింది.

"ఏందత్తమ్మా గిది? ఎన్నొద్దుల సంది పెడ్తున్నవ్?"

"సలి పడ్డకాడి నుంచి జరసేపు పెడుతుంటి. నువ్వు పెరుగు సల్ల లెక్కుందన్నంక ఆట అయ్యేదాంక పెడ్తున్న. దీని నెత్తి ఎచ్చగుంటది బిడ్డా, దాలి తీరుగ. నువ్వు ఆట సాలిచ్చే టయానికి తోడుకుంటది. నువ్వు లేసేలోపల తీసేస్తుంటి."

"మరి ఈ తువ్వాలలు?"

"ఆ పిలగాడు అన్నడు గద, డబ్బా మీద గిన్నె పెడితే ఖరాబైతదని. మొన్న గుండ్రంగ తెల్లమరక పడ్డది, ఆయినె రుమాలుతోటి తుడిసె. నీళ్లు కారి ఖరాబైతదేమో అనుకున్న. రెండొద్దులు మానేసిన. పెరుగు మల్ల పాడాయె. అందుకే మరక పడకుంట బట్టేసి పెట్టిన."

"ఏ పిలగాడు?" అని అడిగాను. తెలిసే అడిగాను.

"మిర్యాలగూడ పిలగాడు, వినోదు. నా కోడలికి జెప్పకు బిడ్డా, కోప్పడతది అన్న. చెప్ప అమ్మా, నువ్వయితే దాని మీద పెట్టకు అన్నడు."

అత్తమ్మ గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి పోతూ, నా వైపు చూడకుండా అంది: "ప్యాకెట్ పెరుగు తెస్తనంటివి. గొల్లోళ్ల ఇంట్ల, నేనుండంగ, ప్యాకెట్ పెరుగా?"

వెనక్కి వచ్చి చూస్తే కార్డు అప్పటికే మెట్టు మెట్టుగా తన వేగం అందుకుంటోంది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆట ఎప్పుడు అయిపోయిందో గమనించలేదు.

జనవరి 1

కార్డు బాగుంది. మొదటిది కూడా బాగున్నదే అయి ఉంటుంది.

జనవరి 2

గ్రూపులో రాశాను: "నా మిషన్ ప్రాబ్లం సాల్వ్ అయింది. ఎయిర్‌ఫ్లో." అందరూ బొటనవేళ్లు పెట్టారు. వినోద్ సంగతి ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబెందుకు? అడిగితే అంతా చెప్పాల్సి వస్తుంది. పెరుగు గిన్నె అంటే మూడు ఊళ్లూ నవ్వుతాయి. అత్తమ్మను నవ్వులపాలు చేయలేను.

జనవరి 3

శ్రీహరి వచ్చాడు. జరిగింది చెప్పాను. విన్నాడు, ముఖం కడుక్కున్నాడు, టీ తాగాడు. అప్పుడన్నాడు: "అమ్మ పేరు అడ్డం బెట్టుకోకు గోపికా. నీ పరువు కోసం ఆగినవ్. ఆ పిలగాడి పరువు బజార్ల పడ్డంక రెండు వారాలాయె."

అరిచాను. నా బాధ నీకేం తెలుసన్నాను. పరదా వెనక డబ్బా పెట్టించింది నువ్వేనని కూడా అన్నాను. నేను అంటున్న మాట నాకే సిగ్గుగా వినబడింది.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏంది, ఆ పిలగాని గిరాకి నా గిన్నెతోని పోయిందా?" అంది. శ్రీహరి అవునన్నాడు.

"అయితే నా ఫోటో దియ్. గిన్నెతోని, తువ్వాలతోని దియ్. సిగ్గేంది? పెరుగు తోడేసిన, దొంగతనం జేసిన్నా?" అని క్యాబినెట్ పక్కన నిలబడి కొంగు సర్దుకుంది.

ఆ ఫోటో పెట్టాను. కింద రాశాను: "వినోద్ ఇచ్చిన రెండు కార్డులూ మంచివే. గాలి పోయే దారి మా ఇంట్లోనే మూసుకుపోయింది. మైనింగ్ కార్డులని నేను రాసింది అబద్ధం. చూసుకోకుండా రాశాను. తప్పు నాది." గోపిక అని పేరు కూడా పెట్టాను.

నవ్వే బొమ్మలు చాలా వచ్చాయి. అన్నీ పెరుగు గురించే. ధనుంజయ్ విడిగా ఫోన్ చేశాడు. "అయ్యో, హైదరాబాద్ మిషన్లు దిగిపోయాయక్కా. ఇప్పుడేం చేస్తానండీ?" అన్నాడు. అతని తప్పేముంది?

జనవరి 5, ఆదివారం

మిర్యాలగూడ వెళ్లాం. రానంటుందేమో అనుకున్నాను కానీ, అత్తమ్మే ముందు తయారై కూర్చుంది. ఒళ్లో పెరుగు క్యాను.

షాపులో గిరాకీ లేదు. వినోద్ ఒక్కడే ఉన్నాడు. గోడ పక్కన మూతలేని మిషన్ ఒకటి నడుస్తోంది. దానిలో ఉన్న కార్డును చూడగానే గుర్తుపట్టాను. మూల మీద చిన్న గీత. నా మొదటి కార్డు. చచ్చిందని నేను ఊరంతా చాటిన కార్డు.

"లోడు మీద పెట్టిన అక్కా. వచ్చినోళ్లకు చూపిద్దామని" అన్నాడు. వచ్చినోళ్లెవరూ కనబడలేదు.

దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "తప్పయింది వినోద్" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అతను కుర్చీ అత్తమ్మ వైపు జరిపాడు. "కూసో అమ్మా" అన్నాడు.

"గ్రూపుల ఒక్క మాట చెప్పకపోతివి? నన్ను నాలుగు తిట్టకపోతివి?" అన్నాను.

"చెప్పనని అమ్మకు మాటిచ్చిన. అందుకే పరదా ఎనక సూడుమన్న. నువ్వు సూస్తవనుకున్న" అన్నాడు. తర్వాత నడుస్తున్న ఆ కార్డు వైపు చూస్తూ అన్నాడు: "కార్డు మంచిది కాదంటే వేరేది ఇస్త అక్కా. నన్ను దొంగ అన్నవ్. దానికి బదులు ఏమియ్యాలె?"

అత్తమ్మ క్యాను మూత తీసి అతని ముందు పెట్టింది. "తిను బిడ్డా. ఇది ఆ డబ్బా మీద తోడేసింది గాదు" అంది. వినోద్ నవ్వలేక నవ్వాడు. తర్వాత లేచి నా క్యాబినెట్ బొమ్మ కాగితం మీద గీశాడు. పైన ఏమీ పెట్టొద్దనీ, వెనకవైపు గాలి బయటికొచ్చేచోట జానెడు దూరంలో చిన్న స్టూలు వేసి గిన్నె పెట్టుకుంటే వెచ్చదనం తగులుతుందనీ, కార్డుకు అడ్డు ఉండదనీ అత్తమ్మకు చెప్పాడు. నాకు కాదు, అత్తమ్మకు.

జనవరి 12

సెలక్షన్‌లో రెండో మ్యాచు ఓడిపోయాం. ఫ్రేములు మొదటి నుంచి చివరి దాకా నిలకడగా ఉన్నాయి. గురి తప్పింది నేనే. తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

జనవరి 16

గిన్నె స్టూలు మీద ఉంది. కార్డు తన వేగంలో తను ఉంది. ఆ రోజు గిన్నె తీసిన నిమిషంలోనే అది కోలుకుంది. వినోద్ షాపు గురించి కూడా అలాగే అనుకున్నట్టున్నాను. నిజం రాశాను, ఫోటో పెట్టాను, ఇక అంతా సర్దుకుంటుందని. ఇవాళ ఫోన్ చేసి గిరాకీ ఎలా ఉందని అడిగాను. "నడుస్తది అక్కా" అన్నాడు. అది బాగున్నవాళ్లు చెప్పే జవాబు కాదు.

జనవరి 19

నేరేడుచర్ల నుంచి ఒకతను మెసేజి పెట్టాడు. నేనెవరో అతనికి తెలియదు. టీము పేజీలో నంబరు చూసి సలహా అడుగుతున్నాడు.

"మేడమ్, కొత్తగా పీసీ కట్టించుకుందామనుకుంటున్నా. మిర్యాలగూడలో వినోద్ అని ఉన్నాడు, కానీ అతని దగ్గర అన్నీ మైనింగ్ కార్డులేనట కదా?"

"ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"అందరూ అంటున్నారు మేడమ్."

నా ఫోటో అతని దాకా పోలేదు. నా తప్పొప్పుకోలూ పోలేదు. నా అబద్ధం ఒక్కటే నేరేడుచర్ల దాకా నడిచి వెళ్లి, నన్నే సలహా అడగడానికి తిరిగొచ్చింది.

అతనికి రాశాను. "అందరూ కాదండీ, మొదట అన్నది నేను. అబద్ధం అది." గిన్నె సంగతి, తువ్వాల సంగతి, గ్రూపులో రాసిన సంగతి మొదటి నుంచి చివరి దాకా రాశాను. ఇక నుంచి ఆదివారాలు నేను అదే షాపులో ఉంటాననీ, వస్తే మీ కళ్లెదుటే కార్డు మీద లోడు వేసి చూపిస్తాననీ రాశాను. ఆదివారాలు ఉంటానని వినోద్‌కి ఇంకా చెప్పలేదు. రేపు చెప్పాలి.

అతను చదివాడు. నమ్మాడో లేదో తెలియదు.

అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగింది. "వచ్చే ఐతారం మిర్యాలగూడ పోదమా బిడ్డా?"

పోదామన్నాను. క్యాను కడిగి బోర్లించింది.